కొలతల పుస్తకం

ముప్పై ఒక్క ఏళ్లు కార్పొరేషనుకి గోడలు కొలిచాను.
కొరుక్కుపేట రైల్వే గేటు నుంచి కాలవ గట్టు దాకా
ఏ మేడ మీద ఏ గది అనుమతి లేకుండా మొలిచిందో
వానకన్నా ముందు నాకే తెలిసేది.

ఉక్కు టేపు ఒక కొస ఇంటాయన పట్టుకునేవాడు,
రెండో కొస నేను.
ఆయన చెయ్యి మెల్లగా రెండంగుళాలు లోపలికి జరిగేది.
చూసీ చూడనట్టు ఊరుకునేవాణ్ణి.
కాదు, చూసి, రాసుకునేవాణ్ణి.

బిల్లులో రెండు గళ్లు.
ఒకటి సాధారణ పన్ను: దీపాలు, మురుగు, చెత్త.
రెండోది విద్యా పన్ను.
అందరి వేలూ ఆ గడి దగ్గరే ఆగేది.

"మా పిల్లలు కాన్వెంటుకి కదా వెళ్లేది,
వీధి చివర బడికి నేనెందుకయ్యా కట్టాలి?"
కన్నబిరాన్ నాయుడు గారు ఏడాదికి రెండుసార్లు,
ఏప్రిల్లో, మళ్లీ అక్టోబరులో,
మజ్జిగ గ్లాసు చేతికిస్తూ అడిగేవారు.
నా దగ్గర జవాబు ఉండేది కాదు, రసీదు ఉండేది.
ఒక్కసారి మాత్రం నోరు జారాను:
"వీధి దీపం కింద మీరొక్కరే నడుస్తున్నారా సార్?"
ఆ తర్వాత మజ్జిగ లేదు.

ఆ ఇంటి వెనక రేకుల వరసలో
ఐదు కాపురాలు, ఒక కుళాయి.
ఇస్త్రీ బండి మునెమ్మ అక్కడే.
పన్ను సవరించిన ఏడు ఆమె అద్దె మూడొందలు పెరిగింది.
"కార్పొరేషనోళ్లు పెంచినారంట, నాయుడు చెప్పినాడు.
అట్లయితే నేనూ కట్టినట్టే గదా సారూ?
నా పేరేసి ఒక చీటీ ఇయ్యి."

సొంతదారు పేరు, తలుపు నంబరు, చదరపుటడుగులు.
నా పుస్తకంలో ఉన్నవి అవే.
ఎంత గట్టిగా అదిమి రాసినా
కార్బను కాగితం కింద ఆమె పేరు పడదు.

ఆమె కూతురు దేవకృప
ఆ బడిలోనే మూడో తరగతి, తెలుగు సెక్షను.
నేనూ అక్కడే అఆలు దిద్దాను.
అప్పుడు గదికి యాభై మందిమి,
చోటు చాలక కిటికీలో కూర్చునేవాళ్లం.
ఇప్పుడు సెక్షనంతా కలిపి పదకొండు మంది.
ఉన్న ఒక్క నల్లబల్లనీ కృపావతి టీచరు
సుద్దగీతలతో మూడు తరగతులకి పంచింది,
అన్నదమ్ములు ఇల్లు పంచుకున్నట్టు.

కట్టిన డబ్బు ఎటు పోతుంది?
నాకు తెలిసింది చలాను నంబరు దాకే.
నగరమంతా ఒకటే హుండీ అట,
అడయారు బంగళా రూపాయి మా గట్టుకీ వస్తుందట,
పై ఆఫీసరు చెప్పాడు.
వస్తుందేమో. దారి దూరం.
ఒక ఏడు బడికి పసుపు రంగు వేశారు.
ఒక ఏడు వాచ్‌మన్ రాలేదు.
ఎవరో తిన్నారని అనను, నేను చూడలేదు.

బడికి పన్ను లేదు.
అందుకే ఆ వీధిలో నేను కొలవని కట్టడం అదొక్కటే.
వెలుగు ఎన్ని అడుగుల దాకా వస్తుందో
కప్పు ఎక్కడ కారుతుందో
ఏ రిజిస్టరూ నన్నడగలేదు.

రిటైరయ్యే వారం, టేపు అప్పజెప్పే ముందు వెళ్లాను.
"ఏం సార్, ఇక మాకూ వేస్తారా?" అని నవ్వింది టీచరు.
ఒక కొస దేవకృప పట్టుకుంది.
గోడకి ఆనించి, కదలకుండా,
గోళ్లు తెల్లబడేంత గట్టిగా.
ఇరవై రెండు అడుగులు, పద్దెనిమిది అడుగులు.
మొదటిసారి, అంగుళం కూడా తగ్గలేదు.

ఆఖరి పేజీలో రాసుకున్నాను.
సొంతదారు గడి దగ్గర కలం ఆగింది.
పిల్ల మునివేళ్ల మీద లేచి తొంగి చూసింది.
"మునెమ్మ," అంది.
"చివర మాకి మావత్తు సార్. మర్చిపోతారు అందరూ."